ఊరి వనములు – వాని కాపరులు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉద్యానవనములు, వాని ప్రకృతి సంపద, వానిలోని పురాతన సంపద, వీనిని కాపాడుటలో స్వచ్ఛంద సేవకులు చేయదగిన పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను వృక్షశాస్త్రము చదివినవాడను కాను. చరిత్ర, తెలుగు సాహిత్యము చదివి, ఇరువది సంవత్సరములుగా ఫైళ్లు చూచుకొనుచున్నవాడను. అయినను ఈ విషయమున నాకు ఒక అర్హత కలదు. నేను స్వచ్ఛంద సేవకుడనై ఒక చెట్టుకు అపకారము చేసియున్నాను. అందుచేత మొదట ఆ సంగతియే మనవి చేసికొందును.

మా క్వార్టర్ల నడుమ ఒక చిన్న పార్కు కలదు. దాని మూలన ఒక పెద్ద వేపచెట్టు. కొన్ని సంవత్సరముల క్రిందట మా కాలనీవారము ఒక కమిటీగా ఏర్పడి, ఆదివారము ఉదయము రెండేసి గంటలు పార్కులో శ్రమదానము చేయ నారంభించితిమి. ఉత్సాహమునకు లోటు లేదు. పొదల క్రిందనున్న ఎండుటాకులన్నియు ఊడ్చి సంచులకెత్తితిమి. వేపచెట్టు చుట్టు పెద్దలు కూర్చుండుటకు వీలుగా, మొదలును ఒరసికొనునట్లు ఒక సిమెంటు అరుగు కట్టించి, దానిపై దాతల పేర్లు చెక్కించితిమి. ఆ పేర్లలో నా పేరును కలదు. రెండు వేసవులు గడచునప్పటికి చెట్టుకు పడమటి కొమ్మ ఎండిపోయినది. చెట్ల మొదళ్ల చుట్టు ఒక మీటరు మేర సిమెంటు ఉండరాదని జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ నగర విషయమున 2013లోనే ఆదేశించియున్నదని అప్పుడు గాని మాకు తెలియలేదు. అరుగు పగులగొట్టించునప్పుడు అక్కడి మాలి ఒక్క మాట అన్నాడు: “కట్టే రోజునే చెబుదామనుకున్నాను సాబ్. మీరెవరూ నన్ను అడగలేదు.”

ఇరువది ఏండ్లు ఆ చెట్టుక్రింద పని చేసినవానిని మేము అడుగలేదు. అతడు జీతగాడు, మేము సేవకులము గదా!

మీలో చాలమంది ఉదయవేళ లోడీ గార్డెన్సులో నడచువారే. దాదాపు 90 ఎకరముల ఆ తోటలో సయ్యద్ వంశపు మహమ్మదు షా సమాధి, 1517లో గతించిన సికందర్ లోడీ సమాధి, బడా గుంబద్, శీష్ గుంబద్ ఉన్నవి. చెట్టును రాయియు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఇట్టి తోటలు ఈ దేశమున అరుదు. అయితే ఆ కట్టడముల నడుమ ఒకప్పుడు ఖైర్‌పుర్ అను పల్లె ఉండెడిదనియు, ఆ పల్లెవాసులను తరలించి 1936లో లేడీ విల్లింగ్డన్ పార్కు అను పేరిట దానిని తెరచిరనియు ఎందరికి తెలియును? ఇది ఢిల్లీకే ప్రత్యేకము కాదు. న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కు కొరకు సెనెకా విలేజ్ అను ఊరిని, అందు అధికసంఖ్యాకులు నల్లజాతివారు, 1857 నాటికి ఖాళీ చేయించిరి. ఆ పార్కు తరువాత శిథిలమైనప్పుడు దానిని బాగుచేయుటకు 1980లో పౌరులు ఒక సంస్థగా ఏర్పడి, వేలకొలది స్వచ్ఛంద సేవకులను కూడగట్టి, ప్రపంచమంతయు మెచ్చునట్లు చేసిరి. వారి సేవను నేను తక్కువ చేయుట లేదు. ముందు కాపరులను పంపివేసి, పిమ్మట కాపుదల కొరకు సేవకులను వెదకుట అను ఈ క్రమము మాత్రము నన్ను కొంత కలవరపెట్టినది. ఎందుకనగా అట్టి క్రమమును మన సంఘము పేరిట నేనే ఎర్రబోరులో ప్రారంభింపబోయితిని.

ఎర్రబోరు ఎక్కడ అని మీరు అడుగవచ్చును. భద్రాచలము నుండి తూర్పుగా పోయి, కుంట వద్ద ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించి, జగ్దల్‌పుర్ రాజమార్గమున సుక్మా వైపు సాగినచో దారిలో వచ్చు ఊరు. ఒకప్పటి బస్తరు సంస్థానము, నేటి సుక్మా జిల్లా. పటములో అది పరాయి రాష్ట్రమే. కాని ఆ చుట్టుపట్ల ఊళ్ల పేర్లు వినుడు: గొల్లపల్లి, దుబ్బతోట, కిష్టారం. అక్కడి దోర్లలు మన భద్రాచలము కోయలకు దగ్గరి చుట్టములు. వారి మాట కోయ భాషలోనిదే అయినను అందు తెలుగు పాలు హెచ్చు. ఈ సంబంధము నిన్నటిది కాదు. బారసూరులో తెలుగు చోడ వంశపు చంద్రాదిత్యుడు 1060 ప్రాంతమున వేయించిన తెలుగు శాసనము కలదు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము.

మా మేనత్తను కుంటలో ఇచ్చిరి. ఆమె భర్తకు అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉండెడిది. ఇప్పుడు దానిని మా బావ నడుపుచున్నాడు. చిన్నతనమున వేసవి సెలవులలో ఆ ఇంటికి పోయి శబరిలో ఈదిన రోజులు నాకు మరపునకు రావు. కోరాపుట్టు కొండలలో కొలాబు అను పేరున పుట్టి, కుంట ప్రక్కగా పారి, కూనవరము వద్ద గోదావరిలో కలియు నది అది. అందుచేతనే, మన సంఘము గత సంవత్సరము “ప్రకృతి పరిరక్షణ నిధి” అని కొంత మొత్తము తీసి, దానిని తెలుగువారికి సంబంధించిన ఏదైన వనమునకు వినియోగింపుమని నాకు అప్పగించినప్పుడు నా మనస్సు ఎర్రబోరు మీదికి పోయినది.

ఆ పరిసరములలో ఒక చిన్న పల్లె. పల్లెకు ఆవల ఒక దేవర తోపు. మూడెకరములకు మించదు. మద్ది, ఇప్ప, తునికి, చింత, ఊడలు దిగిన ఒక మర్రి. మధ్య పసుపు కుంకుమలు పూసిన మూడు రాళ్లు, ప్రక్కన మట్టితో చేసిన గుఱ్ఱపు బొమ్మలు. గుడి లేదు, గోపురము లేదు. బస్తరులో ఇట్టి తావులను దేవగుడి అందురు. కొమ్మ విరువరు, చెప్పులతో లోనికి పోరు. క్రింద పడిన ఎండుకట్టెను సైతము దేవర పండుగనాటి వంటకు తప్ప తీయరు. సర్కారు పటములలో అది పార్కు కాదు, అభయారణ్యము కాదు. అయినను చుట్టునున్న అడవి పలుచబడిన తరువాత పక్షికి, తేనెటీగకు, మందుమొక్కకు మిగిలిన చోటు అదియే.

ఆ ప్రాంతపువారికి చెట్టును కాచుట ఎవరును నేర్పవలసిన పని లేదు. 1859లో దక్షిణ బస్తరులోని భేజీ, భోపాలపట్నము మొదలగు జమీందారీలలో అడవులను కలప గుత్తకు ఇచ్చినప్పుడు కోయలు, దోర్లలు తిరుగబడిరి. నాగుల్ దోర్లా మొదలగువారు నాయకులు. ఒక చెట్టు పడినచో ఒక తల పడును అన్నది వారి పంతము. తుదకు గుత్త విధానము మానుకొనవలసి వచ్చినది. ఆ గుత్తదారులు ఎక్కడినుండి వచ్చిరో తెలియునా? మన హైదరాబాదు నుండి! ఈ వాక్యమును చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. మరల 1910లో, ఆంగ్ల ప్రభుత్వము అడవిలో అధికభాగమును రిజర్వు చేయ సంకల్పించినందున, కాంగేరు అడవి ధుర్వాలు గుండాధుర్ నాయకత్వమున భూమ్‌కాల్ తిరుగుబాటు లేవదీసిరి. మామిడి కొమ్మ, మిరపకాయలు, మట్టిబెడ్డ, బాణము ఊరినుండి ఊరికి సందేశముగా పోయినవి. మన మన్యములో 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారి బాధలలోను అడవి చట్టములు ముఖ్యమైనవే.

ఇక ఇటీవలి కథ మీకు పత్రికల ద్వారా తెలిసినదే. 2005లో ఆ ప్రాంతమున సల్వాజుడుం ఆరంభమైనది. పల్లెలు రెండు పక్షముల నడుమ నలిగిపోయినవి. కొందరు రోడ్డుప్రక్క శిబిరములకు చేరిరి. ఎర్రబోరులో పెద్ద శిబిరము వెలసినది. కొందరు శబరి దాటి, గోదావరి దాటి, మన ఖమ్మము జిల్లా అడవులకు, మిరపచేలకు వచ్చిరి. 2006 జూలైలో మావోయిస్టులు ఎర్రబోరు శిబిరముపై చేసిన దాడిలో 30 మందికి పైగా మరణించిరి. ఎవరి పక్షమున ఎంత న్యాయమున్నదో చెప్పుటకు ఇది వేదిక కాదు. నాకు కావలసిన ప్రశ్న చిన్నది: ఊరు ఖాళీ అయినప్పుడు తోపును ఎవరు కాచిరి?

ఈ ప్రశ్న వేయవలెనని నాకు ముందుగా తోచినదని చెప్పుకొందునా? లేదు. నేను పోయినది ఒక రేకు బోర్డు తీసికొని. హిందీ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలలో “పవిత్ర వనము – రక్షింపుడు” అని వ్రాయించి, క్రింద మన సంఘము పేరు వేయించితిని. దానితో బాటు ముళ్లకంచెకు, ఇనుప గేటునకు అంచనాలు. మా బావ ఆ బోర్డును చూచి, “ఏరా, దీన్ని ఎవరు చదవాలి? చదివేవాడికి ఆ సంగతి తెలీదు, తెలిసినవాడికి చదువు రాదు” అన్నాడు. అతని వేళాకోళమును నేను లెక్కచేయలేదు.

ఆ పల్లె వడ్డె, అనగా పూజారి, డెబ్బది ఏండ్ల వృద్ధుడు. తోపు వెలుపల చింతనీడన కూర్చుండి నా మాటలన్నియు ఓపికగా వినెను. తెలుగు బాగుగా వచ్చును. మిరపకోతలకు పోయి నేర్చిన తెలుగు అది. నేను ముగించిన పిదప మొదటి మాట ఇది అడిగెను:

“గేటు పెడితే తాళం పెడతారు గదా సారూ. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. పంచాయతీ యొద్ద అందునా? కమిటీ యొద్ద అందునా? “మీ దగ్గరే తాతా” అంటిని.

“నా తరవాత?”

మరల మౌనము. అప్పుడు మా బావ అందుకొని, ఆ దినములలో మీరు ఊరు విడిచినప్పుడు తోపు సంగతి ఏమైనదని అడిగెను. ఆ అడుగవలసిన మాట అతడు అడిగినందుకు నేను నేటికిని అతనికి ఋణపడియున్నాను. వడ్డె నెమ్మదిగా చెప్పినది ఇది. వాళ్లు సగము మంది శిబిరములోను, సగము మంది తెలంగాణ వైపునను ఉన్న ఆ సంవత్సరములలో, విత్తనాల పండుగ వచ్చినప్పుడు ఇద్దరో ముగ్గురో చీకటితోనే అడ్డదారిన తోపునకు పోయి, రాళ్లమీది ఆకులు తీసి, గుప్పెడు గింజలు పెట్టి, తెల్లవారక ముందే తిరిగి వచ్చెడివారట. దారిలో ఎవరికి కనబడినను ప్రమాదమే. ఒక వైపువారికి కనబడితే ఇన్‌ఫార్మర్లు, మరొక వైపువారికి కనబడితే దళము మనుషులు. “ఎందుకు పోయినారు తాతా, అంత భయంలో?” అంటిని. “గింజ చూపించకుండా ఎట్లా చల్లుతాం?” అని ఆయన నన్నే ఎదురు ప్రశ్న వేసెను. తిరిగి ఊరు చేరునప్పటికి రెండు పెద్ద మద్దిచెట్లు లేవట. ఎవరు కొట్టిరో తెలియదట. తక్కినవి ఉన్నవి.

సోదరులారా, మనము ఆదివారము ఉదయము చేతికి తొడుగులు వేసికొని చేయుదానిని సేవ అనుకొంటిమి. ఆ చీకటిలో పోయిన ఇద్దరు ముగ్గురికి ఏ సంఘము సభ్యత్వము ఈయలేదు. వారి పేర్లు నేను అడిగితిని. ఆయన చెప్పలేదు.

ఆ పిమ్మట నేను తిరుగు ప్రయాణము జగ్దల్‌పుర్ మీదుగా పెట్టుకొని, కాంగేరు లోయ జాతీయోద్యానమును చూచితిని. 1982లో ఏర్పడిన ఆ పార్కు వైశాల్యము 200 చదరపు కిలోమీటర్లు. తీరథ్‌గఢ్ జలపాతము, కళ్లు లేని చేపలున్న కోటుమ్‌సర్ గుహ అక్కడివే. కాంగేరు నీరు కొలాబులో పడి, శబరియై మా కుంట ప్రక్కగా పోవును. అనగా ఆ పార్కును కాచువారు, తెలిసియో తెలియకయో, మన గోదావరి నీటిని కాచుచున్నారు.

పిల్లలకు ఇష్టమగు సంగతి ఒకటి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షి కొండ గోరువంక. మనిషి గొంతును అచ్చముగా అనుకరించును. ఆ విద్యయే దానికి శత్రువైనది. పంజరములలో పెట్టి మాటలాడించు వేడుకకు వేలాది పిట్టలు బలియైనవి. జగ్దల్‌పుర్‌లో బోనులలో పెంచి పిల్లలను చేయింపవలెనని ఏండ్ల తరబడి చేసిన యత్నము ఫలింపలేదు. మగదేదో ఆడదేదో పైకి చూచి గుర్తుపట్టుటయే కష్టము! పిమ్మట అటవీశాఖవారు మార్గము మార్చి, చుట్టుపట్ల పల్లెల యువకులనే “మైనా మిత్ర” అను పేరిట తీసికొనిరి. గూడు ఏ చెట్టు తొఱ్ఱలో ఉన్నది, ఎప్పుడు పెట్టినది, ఎవరు ఆ వైపు తిరుగుచున్నారు అన్నది వారికి తెలియునట్లు మరెవరికి తెలియును? ఇప్పుడు పార్కును ఆనుకొన్న పల్లెలలో సైతము ఆ పక్షులు కనబడుచున్నవని శాఖవారు చెప్పుచున్నారు. వారికి కొంత భృతి ఈయబడును. భృతి తీసికొన్నవాడు స్వచ్ఛంద సేవకుడెట్లగునని నా ప్రక్కనున్న ఒక పర్యాటకుడు ఆక్షేపించెను. కూలి పోగొట్టుకొని అడవి కాయుమని బీదవానిని కోరుట మనకు సులభము. మనము మాత్రము మనకు సెలవున్న దినముననే సేవ చేయుదుము.

పార్కులోని ధూడ్‌మారాస్ అను పల్లె ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారి గ్రామాభివృద్ధి కార్యక్రమమునకు 2024లో ఎన్నికయ్యెను. పల్లెవారు వెదురు తెప్పలపై అతిథులను త్రిప్పి, తమ ఇండ్లలో భోజనము పెట్టి పంపుచున్నారు. 2025లో కాంగేరు లోయ యునెస్కోవారి తాత్కాలిక జాబితాకు ఎక్కినది. ఇవి సంతోషకరములే. కాని నాకు వీనికన్న ముఖ్యమని తోచినది, పత్రికలు అంతగా పట్టించుకొననిది, మరొకటి: ఆ పార్కు లోపలి గుడియాపదర్ అను చిన్న పల్లెకు 2022లో సాముదాయిక అటవీ వనరులపై హక్కు లభించుట.

ఉద్యోగధర్మము చొప్పున చట్టపు మాట ఒకటి చెప్పక తప్పదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టములో ఐదవ సెక్షను కలదు. అటవీవాసుల నివాసభూమి, వారి సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వమును చెఱచు పనులనుండి కాపాడబడునట్లు చూచు అధికారమును ఆ సెక్షను గ్రామసభకు ఇచ్చినది. చదువరులు ఆ మాటలను గమనింపవలెను. ఈనాటి మన ప్రసంగవిషయము అక్షరాల అదియే. అట్టిదానికి కాపరి ఎవరని చట్టమే చెప్పియుండగా, నేను ఢిల్లీనుండి గేటు తీసికొనిపోతిని!

దీనివలన బయటివారికి పని లేదని కాదు. హైదరాబాదు చుట్టునున్న కోట్ల సంవత్సరముల నాటి బండలను పగులగొట్టుచుండగా, 1996లో “సొసైటీ టు సేవ్ రాక్స్” అను సంఘముగా కూడిన పట్టణవాసులు ఆ బండల మధ్య జనులను నడిపించి, కొన్నింటిని వారసత్వ జాబితాకు ఎక్కించిరి. బండకు కాపరి పల్లె లేదు గనుక పట్టణము ముందుకు రావలసి వచ్చినది. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో అట్లు కాదు. అక్కడికి ప్రతి యేట వచ్చు గూడబాతులను, ఎఱ్ఱకాళ్ల కొంగలను ఊరివారు ఇంటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. ఆ సంవత్సరము పక్షి రానిచో ఊరికి మంచిది కాదని వారి నమ్మకము. అచ్చటికి పోయి మనము పక్షిప్రేమను బోధింపబూనుట తాతకు దగ్గు నేర్పుటయే.

కుంట పరిసరములకు మరొక చింతయు కలదు. పోలవరము జలాశయపు వెనుకనీరు శబరి వెంబడి ఎంతవరకు ఎగదన్నునన్న విషయము న్యాయస్థానము వరకు పోయినది. దానిపై నేను అభిప్రాయము చెప్పరాదు. ఒడ్డున ఉన్న తోపుల లెక్క ఎవరైన ముందుగా వ్రాసి పెట్టిన బాగుండునని మాత్రము అనుకొనుచున్నాను. ఏ తోపు ఏ దేవరది, అందు ఏ చెట్లున్నవి, ఏ పండుగ ఎప్పుడు జరుగును అన్నది ఆ ఊరివారి నోటనే విని, వారు వలదన్నది వదలి, వ్రాసికొనుట. వ్రాతపని మనకు చేతనైన పని గదా.

ఇక మన నిధి సంగతి. మరునాడు మరల పోయి, “తాతా, గేటు వద్దు, బోర్డు వద్దు. ఏమైనా కావాలా?” అని అడిగితిని. ఆయన వెంటనే చెప్పలేదు. పల్లెలో ఆడవారిని పిలిపించెను. వారిలో ఒకామె చెప్పినది. ఇప్పపువ్వు రాలు కాలమున, తెల్లవారుజామున రాలిన పువ్వు ఎండుటాకులలో కనబడదని చెట్లక్రింద ఆకులకు నిప్పు పెట్టుట వాడుక. ఆ నిప్పు ఒక్కొకప్పుడు చేయిదాటి ప్రాకి తోపు అంచుదాక వచ్చును. పోయిన ఏడు మర్రి ఊడలు రెండు కాలినవట. చెట్లక్రింద వలలు పఱచినచో నిప్పుతో పని లేదు, పువ్వును మట్టి అంటక శుభ్రముగా వచ్చును, ధరయు హెచ్చు పలుకును. వేరొక ఊరిలో అట్టి వలలు ఆమె చూచినదట. “అవి ఇప్పిస్తే చాలు” అన్నది.

కుంటలోను భద్రాచలములోను విచారించి, మా బావ పూచీ మీద వలలు కొని, ఫాల్గుణము రాక మునుపే పంపించితిమి. పువ్వు రాలు ముప్పదినాళ్లు అక్కడ నిప్పు పెట్టలేదని బావ ఫోనులో చెప్పెను. రెండు వలలు మేకలు కొరికినవని, ఒకటి ఎవరో పందిరికి కట్టుకొనిరని కూడ చెప్పెను. బోర్డు ఇప్పటికిని అతని కొట్టులో బియ్యపు బస్తాల వెనుక ఉన్నది.

ఇందువలన ఒక చిక్కు వచ్చినది. మన కార్యవర్గము తీర్మానించినది “బోర్డు, కంచె, గేటు” అను పద్దు క్రింద. నేను ఖర్చు చేసినది వలలకు. ఆడిటరుగారు ఆక్షేపణ వ్రాసిరి. న్యాయమే. ఖర్చైనది పోగా మిగిలిన పైకమును కోశాధికారిగారికి అప్పగించి రసీదు తీసికొన్నాను. ఒక పద్దు మార్చి మరొక పద్దుగా ఆమోదింపుమను తీర్మానము నేటి సర్వసభ్య సమావేశపు కార్యక్రమమున నాలుగవ అంశముగా ఉన్నది. భోజనానంతరము అది మీ ముందునకు వచ్చును. దయచేసి అంతవరకు ఎవరును వెళ్లవలదని మనవి.